అనంతపురంలో రీమ్యాప్ చేయించిన పోలో, పక్కన వర్టస్ జీటీ

2020 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐ మాన్యువల్ కారును 6.5 లక్షలకు సెకండ్ హ్యాండ్‌లో కొని, దాని మీద మరో 2.16 లక్షలు ఖర్చు పెట్టాను. మా చిన్నాన్న కొడుకు మాత్రం అప్పు చేసి మరీ వర్టస్ జీటీ 1.5 కొన్నాడు. 2022లో మార్కెట్లోకి వచ్చినప్పుడే దాని ఎక్స్‌షోరూం ధర 17.91 లక్షలు. ఏడాదిగా ఈ రెండింటినీ అనంతపురం నుంచి బెంగళూరుకు, ఇటు గుత్తి దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద మార్చి మార్చి నడుపుతున్నాను.

పోలోలోని మూడు సిలిండర్ల ఇంజిన్‌కు కంపెనీ ఇచ్చిన శక్తి 110 పీఎస్, టార్క్ (చక్రాలను తిప్పే బలం) 175 న్యూటన్ మీటర్లు. బెంగళూరులో 40 వేలు తీసుకుని ఈసీయూను, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌ను, రీమ్యాప్ చేశారు. టర్బో ఒత్తిడిని పెంచి, ఇగ్నిషన్ టైమింగును (నిప్పురవ్వ పడే వేళను) ముందుకు జరిపారు. జనవరిలో తెల్లవారుజామున ఆరింటికి బయలుదేరితే మరూరు టోల్‌గేట్ దాటగానే మూడో గేరులో బండి లాగే తీరుకు నిజంగానే ముచ్చటేస్తుంది. అదే బండిని మే నెలలో మధ్యాహ్నం రెండింటికి తీస్తే ఆ ఊపు కనిపించదు. లోపలికి వెళ్ళే గాలి వేడెక్కినప్పుడు ఇంజిన్ నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటకలాడడం) కాకుండా ఈసీయూ తానే టైమింగును వెనక్కి లాగుతుంది కాబట్టి, మన జిల్లా ఎండలో డబ్బు పెట్టి కొన్న శక్తిలో కొంత ఆవిరైపోతుంది. పైగా నాకింగ్‌ను తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోలే పోయాలన్నారు, ఊరు దాటితే అది ప్రతి బంకులోనూ దొరకదు.

పదకొండో నెలలో అసలు దెబ్బ తగిలింది. అయిదో గేరులో లారీని దాటబోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు చివ్వున పైకి లేచింది కానీ బండి వేగం పెరగలేదు. తాడిపత్రి రోడ్డులోని మెకానిక్ ఒక రౌండు నడిపి చూసి, “క్లచ్ ప్లేటు కాలిపోయింది సార్, జారుతా ఉంది” అన్నాడు. టార్క్ పెంచితే క్లచ్ మీద భారం పడుతుందని రీమ్యాప్ చేసినవాళ్ళు ఒక్క మాట కూడా చెప్పలేదు. కొత్త క్లచ్ సెట్టుకు 38 వేలయింది. 70 వేలు పోసి వేయించిన పొట్టి స్ప్రింగులు, డ్యాంపర్లతో (షాక్ అబ్జార్బర్లతో) మలుపుల్లో బండి నేలను కరుచుకుని వెళ్ళేది నిజమే కానీ, మా వీధి చివరి స్పీడ్ బ్రేకరు మీద ప్రతి సాయంత్రం అడుగుభాగం గీసుకునేది. 22 వేల సైలెన్సరు గురించి చెప్పడానికేమీ లేదు, చప్పుడు తప్ప.

34 వేల టైర్లు, 12 వేల బ్రేక్ ప్యాడ్లు మాత్రం ప్రతి రూపాయికీ న్యాయం చేశాయి. తడి రోడ్డు మీద ఆగే తీరు మొదటి రోజే తేడాగా తెలిసింది.

వర్టస్‌లో 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు ఉన్నాయి. ఆ టార్క్ మొత్తం 1600 ఆర్‌పీఎం నుంచే అందుతుంది కనుక ఎండాకాలంలోనూ, నలుగురు కూర్చున్నా, ఏసీ వేసినా గేరు కిందికి దిగాల్సిన అవసరం తక్కువ. నింపాదిగా వెళ్ళేటప్పుడు నాలుగు సిలిండర్లలో రెండింటిని ఆపేసుకుని పెట్రోలు ఆదా చేస్తుంది. 179 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సుతో ఆ స్పీడ్ బ్రేకరును గుర్తు కూడా పెట్టుకోదు. అంత డబ్బు తీసుకుని వెనుక చక్రాలకు డిస్కులకు బదులు డ్రమ్ బ్రేకులే ఇవ్వడం మాత్రం నాకు మింగుడు పడలేదు, ఆ విషయంలో నా పోలోకూ దానికీ తేడా లేదు.

రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా వెతికేది ఇలాంటి మార్పులనే.

సెకండ్ హ్యాండ్ పోలో కొనదలిచినవారు ఇంజిన్‌ను ముట్టుకోకుండా మంచి టైర్లు, ప్యాడ్లు వేయించుకుని ఆగిపోవాలి. అంతకు మించిన ఊపు కావాలనుకుంటే ఇంకో ఏడాది ఆగి పెద్ద ఇంజిన్ కారే కొనడం మేలు. నేను గత నెలలో పాత సాఫ్ట్‌వేరునే తిరిగి ఎక్కించి, పాత స్ప్రింగులు బిగించాను. 70 వేల సస్పెన్షన్ సెట్టు ఇప్పుడు మా మేడమీది గదిలో గోనెసంచిలో ఉంది.