కాజీరంగ ఖడ్గమృగం, మరియానీ గిబ్బన్

అస్సాంలోని కాజీరంగ జాతీయ ఉద్యానంలో సఫారీ జీపు కుదిర్చిన మధ్యవర్తి మమ్మల్ని మోసగించాడు. మా ముగ్గురికే ప్రత్యేకంగా జీపు అని చెప్పి 5,200 రూపాయలు ముందే తీసుకుని, తెల్లవారుజామున కొహొరా గేటు దగ్గర మరో ముగ్గురిని అందులోనే ఎక్కించాడు. ఏనుగు గడ్డి అంచున తల్లి ఖడ్గమృగం పిల్లతో మేస్తూ కనిపించినా, డ్రైవరు నిండా రెండు నిమిషాలు ఆపలేదు. మా శ్రీమతి బసకు చేరేదాకా పెదవి విప్పలేదు. దళారులను నమ్మకండి, అటవీ శాఖ రేంజి కార్యాలయంలోనే రసీదు తీసుకోండి.

1,800 రూపాయల గది బాగానే ఉంది. మర్నాడు 3,500 రూపాయలకు కారు మాట్లాడుకుని జోర్హాట్ మీదుగా మరియానీ చేరి, అక్కడే రాత్రి గడిపాము.

గిబ్బన్ అనే తోకలేని వానరం ఉండే హొల్లొంగాపార్ గిబ్బన్ అభయారణ్యం 21 చదరపు కిలోమీటర్లకు మించదు. ఉదయాన్నే తుపాకీ పట్టిన అటవీ రక్షకుడి వెంట నడిచాము. ఆయన ఒక హొల్లొంగ్ చెట్టు కింద మమ్మల్ని కూర్చోబెట్టి, గంటన్నరసేపు ఏమాత్రం తొందరపెట్టలేదు. ఎనిమిది కావస్తుండగా కొమ్మల్లో కూత మొదలై అడవంతా మారుమోగింది. తెల్ల కనుబొమల నల్లని మగ గిబ్బన్, గోధుమవన్నె ఆడది, దాని పొట్టను కరుచుకున్న పిల్ల కనిపించాయి. మా అబ్బాయి ఊపిరి బిగబట్టి చూశాడు. సెలవు తీసుకుంటూ 300 రూపాయలు ఇవ్వబోతే ఆ రక్షకుడు పుచ్చుకోలేదు.

తిరిగి వస్తూ ఆయన చూపిన రైలుపట్టాలు నా మనసును ఇప్పటికీ కలచివేస్తున్నాయి. 1887 నాటి ఆ మార్గం అడవిని రెండుగా చీల్చింది. వరద వస్తే ఖడ్గమృగం జాతీయ రహదారి దాటి కార్బీ కొండలెక్కగలదు. హూలాక్ జాతికి చెందిన ఈ గిబ్బన్ నేలమీదికి దిగడమే అరుదు కాబట్టి, కొమ్మ తెగినచోట దాని దారి కూడా తెగిపోతుంది. గోళ్లలో ఉండే కెరాటినే అయిన కొమ్ము కోసం వేటగాళ్లు దాదాపు తుడిచిపెట్టిన ఖడ్గమృగం, గట్టి కాపలా వల్ల 2022 లెక్కల్లో కాజీరంగలోనే 2,613కు చేరింది. ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ ఎర్ర జాబితాలో దానికంటే తీవ్రమైన ముప్పు వర్గంలో ఉన్నది గిబ్బనే. భారతదేశంలోని ఏకైక తోకలేని వానరం అయిన దానిని చూడటానికి ఆ ఉదయం మేము తప్ప యాత్రికులెవరూ రాలేదు.

కాజీరంగలో రెండో సఫారీకి డబ్బు పోసే బదులు ఆ రోజును మరియానీకి కేటాయించండి. జలగల కోసం పొడవాటి మేజోళ్లు మరవకండి.