హెచ్‌ఎంటీ పైలట్, సీకో 5: ఏ వాచీ కొనాలి?

హెచ్‌ఎంటీ పైలట్‌కు రోజూ కీ ఇవ్వాలి. సీకో 5 ఎస్‌ఎన్‌కే 809 చేతి కదలికకే నడుస్తుంది గానీ, కీ ఇచ్చే వీలు లేనందున ఆగిపోతే ఊపి మళ్లీ నడిపించాలి.

హెచ్‌ఎంటీ అద్దం అక్రిలిక్ కాబట్టి సులువుగా గీతలు పడతాయి, పాలిష్‌తో పోతాయి కూడా. సీకో అద్దం గట్టిది. వారం, తేదీ అదనం.

అసలు చిక్కు నమ్మకానిది. హెచ్‌ఎంటీ వాచీల సంస్థ మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది గనుక, ఎక్కువగా దొరికేవి పాత వాచీలే; వాటిలో డయల్‌కు మళ్లీ రంగు వేసినవీ, వేర్వేరు వాచీల భాగాలు కలిపినవీ చాలానే ఉంటాయి. కేసు (వాచీ బయటి లోహపు చట్రం) అరిగిపోయి డయల్ మాత్రం తళతళలాడితే, నా దృష్టిలో, బేరమే ఆడకూడదు.

సన్నని మణికట్టు, పాత వస్తువులపై మక్కువ, నమ్మకమైన మెకానిక్ ఉన్నవారికి హెచ్‌ఎంటీ నప్పుతుంది. ఆఫీసుకు రోజూ పెట్టుకునేవారికి సీకోయే మేలు.