పాత బరువు కీల కీబోర్డు, కొత్త పియానో సాఫ్ట్‌వేర్

1980ల నాటి 88 కీల మిడి కంట్రోలర్ (ఏ స్వరం నొక్కామో కంప్యూటరుకు సందేశంగా పంపే కీబోర్డు) ఒకటి సెకండ్ హ్యాండులో కొని, ఆరు నెలలుగా పియానోటెక్ సాఫ్ట్‌వేర్‌తో వాయిస్తున్నాను. సొంతంగా శబ్దమే చేయని ఈ పెట్టెను మేడ మీదికి చేర్చడానికి ఇద్దరం ఆపసోపాలు పడ్డాము గానీ, కీ నొక్కినప్పుడు వేలికి ఎదురొచ్చే ఆ నిండైన బరువు నేటి చవక కీబోర్డులలో నాకు దొరకలేదు.

సంగీత పరికరాలు సందేశాలు ఇచ్చిపుచ్చుకునేందుకు 1983లో వచ్చిన మిడి ప్రమాణం ఇప్పటికీ చెల్లుతున్నందున, ఐదు పిన్నుల కేబులుకూ కంప్యూటరుకూ మధ్య చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు. ఒక్కో స్వరం సందేశానికి పట్టేది దాదాపు ఒక మిల్లీసెకనే కనుక, ఆలస్యం వినిపిస్తే ముందుగా ఆడియో బఫరును (ధ్వనిని వినిపించే ముందు కంప్యూటరు కొద్దిసేపు నిల్వ ఉంచుకునే చోటును) చూసుకోవాలి.

అసలు చిక్కు వెలాసిటీతో, అంటే కీని ఎంత వేగంగా నొక్కామో చెప్పే అంకెతో వచ్చింది. మిడిలో గరిష్ఠం 127 కాగా, ఎంత గట్టిగా కొట్టినా నా కీబోర్డు 110 దాటదు; అందువల్ల మొదటి వారమంతా పియానో దుప్పటి కప్పుకొని పాడుతున్నట్లే వినిపించింది. పియానోటెక్‌లో ఏ వెలాసిటీకి ఎంత గట్టిగా పలకాలో నిర్ణయించే గీతను 110 దగ్గరే శిఖరానికి లేపాక, మంద్రస్థాయి తీగల గంభీరనాదం బయటపడింది. ఈ సాఫ్ట్‌వేర్ రికార్డు చేసిన ధ్వనులను వాడకుండా తీగల కంపనాన్ని గణించి నాదం పుట్టిస్తుంది కాబట్టి, మెత్తని స్పర్శ నుంచి గట్టి దెబ్బ దాకా ఎక్కడా మెట్లు వినబడవు.

పాత పెడల్ మాత్రం 0 (వదిలినప్పుడు) లేదా 127 (నొక్కినప్పుడు) తప్ప మరేదీ పంపదు. సగం పెడల్ కోరేవారికి నిరాశ తప్పదు. నడిమి కీ ఒకటి అకారణంగా అరుస్తుండేది, రబ్బరు కాంటాక్టు కింది దుమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక దారికి వచ్చింది.