అధికార పార్టీ నుంచి విడిపోవడమా, లోపలుండి లాక్కోవడమా: ఏది మేలు?

మా నరసాపురం టీ కొట్టు దగ్గర ఈ గొడవ ఎప్పటికీ తెగదు. అధికార పార్టీలో ఇమడలేనివాడు బయటికొచ్చి సొంత జెండా కట్టుకోవడం మేలా, లోపలే ఓపిగ్గా ఉండి అదను చూసి పార్టీనే పట్టుకోవడం మేలా అని. మా బాబాయ్‌ది ఒకటే మాట: "లోపలుంటే గుర్తు చేతికొస్తదిరా, బయటికెళ్తే కొత్త గుర్తు ఇంటింటికీ చూపించుకోవాలి."

ఆయనది 1995 లెక్క. ఎన్టీఆర్‌ని దించేసిన చంద్రబాబు నాయుడు అప్పుడు కొత్త పార్టీ ఏమీ పెట్టలేదు కదా, ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్‌కి చేరారు, పార్టీ, సైకిల్, ముఖ్యమంత్రి కుర్చీ అన్నీ ఆయన వైపు వచ్చేశాయి. ఆ తర్వాత ఎన్టీఆర్ భార్య లక్ష్మీపార్వతి పాతపట్నంలో గెలిచారు గానీ ఆవిడ పార్టీ నిలబడలేదు, 1999లో హరికృష్ణ అన్న తెలుగుదేశం పెడితే ఒక్క సీటూ రాలేదు. ఎన్టీఆర్ కుటుంబం, రెండు రూపాయల బియ్యం పేరు ఉండి కూడా అంతే.

సరే, ఒప్పుకుంటా. కానీ బాబాయ్ మర్చిపోయేదొకటుంది. లోపల లాక్కున్నవాళ్లు మన దగ్గరికొచ్చి అడగరు. 1995లో మారిన ముఖ్యమంత్రి అసెంబ్లీకి మన ఓటు అడిగింది 1999లో. బయటికొచ్చేవాడికి ఆ వీలు లేదు. ఫిరాయింపుల చట్టం ఉంది, పైగా 2003 సవరణతో మూడో వంతు మందితో చీలిపోయే దారి కూడా మూసేశారు. ఎమ్మెల్యే పదవి పోతుంది, ఉప ఎన్నిక వస్తుంది, మళ్లీ మన గుమ్మంలోకే రావాలి. 2001లో కేసీఆర్ రాజీనామా చేసి సిద్దిపేటలో మళ్లీ నిలబడ్డారు. జగన్ 2010 నవంబర్‌లో కాంగ్రెస్‌ని, ఎంపీ పదవిని వదిలి, కొత్త పార్టీ పేరు జగ్గంపేటలో ప్రకటించి, 2011 మేలో కడపలో 5 లక్షల 45 వేల పైచిలుకు మెజారిటీతో వచ్చారు. తండ్రి వైఎస్ తెచ్చిన ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటి పథకాల పేరు కాంగ్రెస్‌కి మిగలకుండా వెంట పట్టుకుపోయారు, అసలు కిటుకు అక్కడుంది.

అయినా డెల్టా వేరండి. 2012 జూన్ ఉప ఎన్నికల్లో 18 అసెంబ్లీ స్థానాల్లో జగన్ పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ 15 కొట్టేసింది, పోయిన మూడింట్లో రెండు నరసాపురం, రామచంద్రపురం. రాష్ట్రమంతా గాలి వీస్తే మా కాలువల దగ్గర ఆగిందేంటని అప్పట్లో అందరూ ఆశ్చర్యపోయారు. నాకైతే ఆశ్చర్యం లేదు, రెండు చోట్లా గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థులు 2009లో ప్రజారాజ్యం తరఫున ఓడినవాళ్లే, ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయాక రెండు ఓట్లూ ఒక దగ్గరికి చేరాయి. 2014లో మా పశ్చిమ గోదావరిలో 15కి 15 టీడీపీ, బీజేపీ పొత్తుకే. సానుభూతికి మా వాళ్లు కదలరని కాదు, ముందు ఎవరి లెక్క ఎక్కడ కుదురుతుందో చూసుకుంటారు.

ఇక విడిపోవడంలోనే తప్పు దారి చూడాలంటే రాజమండ్రి. 2014 మార్చి 12న కిరణ్ కుమార్ రెడ్డి జై సమైక్యాంధ్ర పార్టీ అక్కడే మొదలుపెట్టారు. ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసి నెల కూడా కాలేదు, పోలింగ్‌కి రెండు నెలలే ఉంది, విభజన బిల్లు అప్పటికే పార్లమెంటు దాటేసింది. గుర్తు చెప్పులు. ఒక్క సీటూ రాలేదు. కోపం జనంలో లేకనా? బోలెడుంది. కోపానికి బాగా ముందే జెండా దొరకాలి, ఆలస్యమైతే వేరే పార్టీ పట్టుకుపోతుంది.

అందుకే నేను చెప్పేది ఇదీ: ఎన్నికలకి కనీసం రెండేళ్ల ముందు, పదవి పోగొట్టుకునే ధైర్యంతో బయటికొచ్చేవాడైతే విడిపోవడమే మేలు, కనీసం మనకి ఒక ఓటు ఎక్కువ దక్కుతుంది. ఆ దమ్ము లేనివాడు లోపలే ఉండి లాక్కుంటే లాక్కోమనండి.

బాబాయ్ ఒప్పుకోలేదు. ఆ ఏడాది దాళ్వా కోతలప్పుడు వాన మబ్బేస్తే, ధాన్యం రాశి మీద కప్పడానికి పట్టా చాలక ఎక్కడినుంచో చెప్పుల గుర్తున్న ఫ్లెక్సీ ఒకటి తెచ్చి కప్పాడు. "గట్టి ఫ్లెక్సీరా, చుక్క నీరు దిగలేదు" అని ఇప్పటికీ చెబుతాడు.