మార్స్ కాలేయ డయాలసిస్: మూడు విడతల తరువాత

మా బాబాయికి సిరోసిస్ (కాలేయం మచ్చలుకట్టి గట్టిపడే జబ్బు) ముదిరి, మనుషులను గుర్తుపట్టలేని స్థితి వచ్చినప్పుడు, మార్స్ అనే యంత్రంతో రక్తశుద్ధి చేద్దామని వైద్యులు అన్నారు. మూడు విడతలు చేయించాం. ఇదే నిర్ణయం తీసుకోవలసి వచ్చిన కుటుంబాల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ పద్ధతిని 1990లలో జర్మనీలోని రోస్టాక్ విశ్వవిద్యాలయంలో రూపొందించారు. మామూలు డయాలసిస్ నీటిలో కరిగే వ్యర్థాలను తీయగలదు గానీ, కాలేయం చెడినప్పుడు పేరుకునే బిలిరుబిన్, పిత్త ఆమ్లాల వంటివి రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకొని ఉంటాయి కనుక దానికి లొంగవు. అందుకే ఇక్కడ రక్తాన్ని వడకట్టే పొరకు అవతలి వైపున ఆల్బుమిన్ ద్రావణాన్నే తిప్పుతారు. విషాలు ఆ ద్రావణంలోకి చేరతాయి. దానిని బొగ్గు, రెసిన్ గొట్టాల గుండా పంపి శుభ్రపరచి మళ్ళీ వాడతారు. మాకు ఒక్కో విడత దాదాపు ఎనిమిది గంటలు పట్టింది. ఖర్చు చాలా ఎక్కువ.

రెండో విడత తరువాత బాబాయి కళ్ళు తెరిచి పిన్నిని పేరుపెట్టి పిలిచారు. తెలివి తెప్పించడంలో ఈ యంత్రం పనితనాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కాలేయ జబ్బు వల్ల మెదడు మందగించినవారికి దీనిని వాడవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో అనుమతించింది కూడా.

నా ఫిర్యాదు యంత్రం మీద కాదు, మాకు విడమరచి చెప్పని ఆసుపత్రి మీద. బిలిరుబిన్ 28 నుంచి 17కు దిగగానే కాలేయం కోలుకుంటోందని సంబరపడ్డాం. ఆపిన మూడో రోజుకు అది 24కు చేరింది. బిలిరుబిన్‌ను యంత్రమే తీసేస్తుంది కాబట్టి ఆ అంకె కాలేయం గురించి ఏమీ చెప్పదు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను మాత్రం యంత్రం తయారుచేయలేదు. అందువల్ల ఆ ప్రొటీన్లుండే ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) బయటి నుంచి ఎక్కించని రోజుల్లో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె) ఎంత ఉందో చూడాలి. మాకది కదలనే లేదు. ఈ ఒక్క మాట మొదటి రోజే తెలిసి ఉంటే పిన్ని అంత ఆశ పెట్టుకునేది కాదు.

ఆయుష్షు విషయంలోనూ ఆధారాలు బలంగా లేవు. దీర్ఘకాలిక జబ్బు హఠాత్తుగా విషమించిన 189 మందిపై ఐరోపాలో జరిగి 2013లో వెలువడిన పరీక్షలో, 28 రోజులకు బతికి ఉన్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్న కాలేయం అకస్మాత్తుగా విఫలమైతే సంగతి వేరు: అటువంటి 182 మందిపై జరిగి 2016లో వచ్చిన పరీక్షలో, మార్స్ కాకుండా పెద్ద మోతాదులో ప్లాస్మా మార్పిడి (రోగి ప్లాస్మాను తీసి దాతల ప్లాస్మా ఎక్కించడం) చేసినవారిలో 58.7 శాతం, చేయనివారిలో 47.8 శాతం ప్రాణాలతో ఇంటికి వెళ్ళారు. రోగి ఏ కోవకు చెందుతారో ముందుగా అడగండి.

మాకు ఆ విడతల మధ్యనే తమ్ముడి దాతృ పరీక్షలు పూర్తయ్యాయి, అతని కాలేయంలో కొంత భాగాన్ని బాబాయికి అమర్చారు. యంత్రం లేకపోయినా ఆయన అంతవరకు నిలిచేవారేమో నేను చెప్పలేను. శస్త్రచికిత్సకు సొంత నోటితో ఒప్పుకోగలిగింది మాత్రం ఆ రెండో విడత వల్లనే.