వాషింగ్టన్, లింకన్, న్యూటన్: మూలగ్రామం వెదికేవారికి ఏ ఇంటిపేరు మేలు?

ఊరి పేరే ఇంటిపేరుగా మారినవి ఇంగ్లండులో వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో మనం తరచుగా వినే ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి, వంశపు మూలగ్రామాన్ని వెదికేవారికి ఏది ఎక్కువ అక్కరకు వస్తుందో చూద్దాం.

అర్థం తేటగా ఉన్నది న్యూటన్. పాత ఇంగ్లీషులో అది ‘కొత్త ఊరు’. మనకు కొత్తపల్లెలు ఉన్నట్టే అక్కడ ఏ ప్రాంతానికి వెళ్లినా ఏదో ఒక న్యూటన్ తగులుతుంది కనుక, ఈ పేరు ఒక్కదాన్నే పట్టుకొని ఊరు తేల్చడం అసాధ్యం.

లింకన్‌కు ఆ చిక్కు లేదు. కొలను అనే అర్థమున్న ప్రాచీన బ్రిటన్ మాటకు, విశ్రాంత సైనికుల కోసం రోమన్లు ఏర్పరచిన వలసపట్టణాన్ని సూచించే ‘కొలోనియా’ చేరి ఇంగ్లండులోని లింకన్ నగరం పేరు ఏర్పడింది. అయితే ఊళ్లో ఉన్నవారిని ఊరి పేరుతో పిలవవలసిన అవసరం ఉండదు; అక్కడి నుంచి వచ్చి మరోచోట స్థిరపడినవారికే సాధారణంగా అది గుర్తవుతుంది. 1637లో అమెరికాకు వలస వెళ్లిన అబ్రహాం లింకన్ పూర్వీకుడు శామ్యూల్ సొంత ఊరు లింకన్ కాదు, ఇంగ్లండులోనే నార్ఫోక్‌లోని హింగమ్. కందుకూరి వీరేశలింగం పుట్టింది రాజమండ్రిలో కదా! అంటే ఇలాంటి పేరు ఎప్పుడో విడిచి వచ్చిన ఊరిని చెబుతుందే తప్ప, ఆ తరువాతి మజిలీలను చెప్పదు.

వాషింగ్టన్ కథ ఇందుకు భిన్నం. ‘హ్వాస అనే వ్యక్తి వారి ఊరు’ అని దీనికి సాధారణంగా చెప్పే అర్థం. 12వ శతాబ్దంలో విలియం ద హెర్ట్‌బర్న్ అనే భూస్వామి డరమ్ ప్రాంతంలోని వెసింగ్టన్ (నేటి వాషింగ్టన్) భూములను పొంది, హెర్ట్‌బర్న్‌ను వదలి ఆ కొత్త ఊరి పేరునే పెట్టుకున్నాడు. ఇక్కడ పేరు విడిచిన ఊరిది కాదు, చేజిక్కిన ఊరిది. భూమి ఉన్న కుటుంబం కనుక దస్తావేజులూ మిగిలాయి. అదే వంశంలోని లారెన్స్ 1539లో నార్తాంప్టన్‌షైర్‌లోని సల్‌గ్రేవ్ భూములు కొన్నాడనీ, జాన్ 1650లలో వర్జీనియా చేరాడనీ వరుసగా చెప్పగలుగుతున్నాం.

జార్జ్ వాషింగ్టన్ వంశం వరకైతే నా ఓటు ఈ పేరుకే, అదీ పేరులోని అక్షరాల వల్ల కాదు, దాని వెనుకనున్న పత్రాల బలం వల్ల. పత్రాలు లేనప్పుడు లింకన్ నయం, ఎందుకంటే వెస్ట్ ససెక్స్‌లో మరో వాషింగ్టన్ గ్రామం ఉంది. పైగా నేటి అమెరికాలో ఈ ఇంటిపేరు గలవారిలో అత్యధికులు నల్లజాతివారు. బానిసత్వంలో పుట్టిన నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ బడిలో పేరు అడిగినప్పుడు తన సవతి తండ్రి వాషింగ్టన్ ఫెర్గూసన్ మొదటి పేరునే ఇంటిపేరుగా చెప్పాడు. అటువంటి కుటుంబాల మూలాన్ని వెదికేవారు డరమ్ పటం ముందేసుకొని కూర్చోవడం వృథా శ్రమ.