ఏడో తరగతికి కవిత్వం: ముందు వేమనా, జాషువానా?

పద్యంలో అసలు విషయం, కవి గొంతు, వెనకున్న పాత కథల ఛాయ పట్టుకోవడం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు నేర్పాలంటే ఏది చేతికివ్వాలి?

వేమన పద్యం చిన్నది, ఇట్టే నోటికొస్తుంది. ‘ఉప్పు కప్పురంబు’లో మూడో పాదమే అసలు విషయం చెప్పేస్తుంది. మొదటి రోజుకు మంచిదే కానీ, పిల్లలు వెతుక్కోవాల్సింది పెద్దగా మిగలదు.

జాషువా ‘గబ్బిలం’ (1941) అలా కాదు. భాష కష్టమే, అందుకే మూడు నాలుగు పద్యాలకు మించి ఇవ్వొద్దు. ముందు మేఘదూతం కథ రెండు ముక్కల్లో చెప్పండి: భార్యకు దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపాడు. ఆ తర్వాత అడగండి, ఇక్కడ మేఘం బదులు గబ్బిలం ఎందుకొచ్చిందని. గుడి గడప తొక్కనివ్వని దళితుడు, అదే గుడిలో వేలాడే ప్రాణితో కాశీ విశ్వనాథుడికి మొర పంపుకుంటున్నాడని ఎవరో ఒకరు పట్టేస్తారు. అక్కడే గొంతూ తెలుస్తుంది: పైకి వేడుకోలు, లోపల నిలదీత. పైకి చదివించండి. ఏ మాట దగ్గర స్వరం మారిందో వాళ్లచేతే గీత గీయించండి.

నా ఓటు గబ్బిలానికే. వేమనకు ఒక పీరియడ్ చాలు, జాషువాకు వారమైనా ఇవ్వాలి.